పాత రంధ్రం, కొత్త కేంద్రం: స్టెయిన్‌లెస్ బ్రూయింగ్ కెటిల్‌లో 22 మి.మీ. రంధ్రాన్ని 34.6 మి.మీ.కు పెంచిన ఒక కేస్ స్టడీ

ఈ కేసులోని పాత్ర 15 గ్యాలన్ల, అంటే సుమారు 57 లీటర్ల స్టెయిన్‌లెస్ స్టీల్ బ్రూయింగ్ కెటిల్. ఇంట్లో బీరు కాచుకునే ఒక తెలుగు మిత్రుడు దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొని, టెక్సస్‌లోని ఆస్టిన్ దగ్గర నేను నడుపుతున్న చిన్న ఫ్యాబ్రికేషన్ షాపుకు తెచ్చాడు. సొంత వాడకానికి బీరు తయారు చేసుకోవడాన్ని అమెరికా ఫెడరల్ చట్టం 1979 ఫిబ్రవరి నుంచి పన్ను లేకుండా అనుమతిస్తోంది కాబట్టి, ఇక్కడ ఇలాంటి కెటిళ్లు చేతులు మారుతూనే ఉంటాయి. చేతులు మారిన ప్రతిసారీ వాటి గోడకు ఒకటో రెండో రంధ్రాలు అదనంగా చేరుతుంటాయి. ఈ కెటిల్‌కూ గోడ కింది భాగంలో రెండు ఉన్నాయి. ఒకదానికి బాల్ వాల్వ్ బిగించి ఉంది, దాని జోలికి వెళ్లనవసరం లేదు. రెండోది పాత యజమాని థర్మామీటర్ కోసం వేసుకున్న 22.2 మి.మీ., అంటే 7/8 అంగుళం రంధ్రం. అర అంగుళం పైపు మర పట్టే ఫిట్టింగులకు ఇది మామూలు కొలత.

మిత్రుడు గ్యాస్ బర్నర్ మానేసి కరెంటుకు మారదలిచాడు. అతను కొన్నది 240 వోల్టుల మీద 5500 వాట్లు తీసుకునే హీటింగ్ ఎలిమెంట్. దాని మెడకు ఒక అంగుళం పైపు కొలతలో, కొసకు సన్నబడకుండా ఒకే లావున సాగే మర (స్ట్రెయిట్ థ్రెడ్) ఉంటుంది, అది దూరడానికి 33 మి.మీ.కు పైబడిన రంధ్రం కావాలి. కొత్తగా మూడో రంధ్రం వేసి, థర్మామీటర్ రంధ్రాన్ని బిరడాతో మూసేయడం ఒక మార్గమే. అయితే మూసిన ప్రతి రంధ్రమూ వోర్ట్ (పులియబెట్టక ముందు కాచే మాల్ట్ ద్రవం) చేరి ఎండిపోయే మూల అవుతుంది, ఎప్పటికప్పుడు విప్పి కడగాల్సిన మరో జాయింటు అవుతుంది. అందుచేత ఉన్న రంధ్రాన్నే పెద్దది చేద్దామని ఇద్దరం అనుకున్నాము. అతను తనతో 1 3/8 అంగుళాల వరకు మెట్లున్న స్టెప్ డ్రిల్ కూడా తెచ్చుకున్నాడు.

"అన్నా, పాత బెజ్జంలోనే దీన్ని పెట్టి తిప్పేస్తే ఐపోదా?" అని అడిగాడు.

"బెజ్జం పెద్దదవుతుంది తమ్ముడూ. దాని చుట్టూ వాషర్ ఎక్కడ కూర్చుంటుందో ముందు చూద్దాం" అన్నాను.

ఉన్న రంధ్రాన్ని పెంచే పనిలో చాలామంది అడిగేది ఏ పనిముట్టు వాడాలని. నా అనుభవంలో దానికంటే ముందు తేల్చుకోవలసింది కొత్త రంధ్రానికి కేంద్రం ఎక్కడ అన్నది. ఆ జవాబు దొరికితే పనిముట్టు దానంతట అదే తేలుతుంది. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఇదే.

కొలతలు చెప్పినది

స్టెయిన్‌లెస్ కెటిల్ అడుగు, గోడ కలిసే చోట మూల పదునుగా ఉండదు, గుండ్రంగా వంగి ఉంటుంది. ఆ వంపు ఎక్కడ ముగిసి గోడ నిటారుగా మొదలవుతుందో కంటితో చూసి చెప్పడం కష్టం, మెరిసే స్టీలు కంటిని మోసం చేస్తుంది. నేను ఒక ఉక్కు స్కేలును గోడకు నిలువుగా ఆనించి పట్టుకుని, దాని వెనక నుంచి సన్నని ఫీలర్ గేజ్ రేకును కింద నుంచి పైకి జరుపుతూ పోతాను. రేకు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ వంపు అయిపోయినట్టు. ఈ కెటిల్‌లో అది అడుగు నుంచి 25 మి.మీ. ఎత్తున ఆగింది. పాత రంధ్రం కేంద్రం 48 మి.మీ. ఎత్తున ఉంది. థర్మామీటర్‌కు వాడిన వాషర్ వ్యాసం 38 మి.మీ. కాబట్టి దాని కింది అంచు 29 మి.మీ. దగ్గర, అంటే వంపుకు 4 మి.మీ. పైనే ఆనింది, ఇన్నాళ్లూ కారలేదు. కొత్త ఎలిమెంట్‌కు వాడాల్సిన సీలింగ్ వాషర్ వ్యాసం 50 మి.మీ. అదే కేంద్రం మీద దాన్ని పెడితే కింది అంచు 23 మి.మీ. దగ్గరకు దిగుతుంది. అంటే రెండు మిల్లీమీటర్లు వంపులోకి జారుతుంది. అక్కడ గాస్కెట్ కింద ఆనడానికి గోడ ఉండదు. ఎంత బిగించినా నీరు ముందుగా చెమర్చేది ఆ చోటే.

ఈ లెక్క మిత్రుడికి నోటితో చెప్పడం కంటే చూపించడం మేలనిపించి, 50 మి.మీ. వాషర్‌ను పాత రంధ్రం మీద నడిమధ్యకు పెట్టి, కింద నుంచి టార్చి వేసి చూపాను. వాషర్ అడుగున నెలవంకలా వెలుగు కనబడింది. స్టెప్ డ్రిల్ తీసి పక్కన పెట్టేశాడు.

కేంద్రాన్ని పైకి జరపాలి. ఎంత జరపవచ్చన్నదానికి హద్దు ఉంది. పాత రంధ్రం వ్యాసార్ధం 11.1 మి.మీ., కొత్తదాని వ్యాసార్ధం 17.3 మి.మీ., వాటి తేడా 6.2 మి.మీ. అంతకు మించి జరిపితే పాత రంధ్రపు కింది అంచు కొత్త వృత్తం బయటే మిగిలిపోయి రంధ్రం తాళంచెవి పట్టే కన్నంలా తయారవుతుంది. సరిగ్గా 6.2 జరిపినా రెండు వృత్తాలూ అడుగున ఒకే బిందువు దగ్గర తాకుతాయి కాబట్టి అక్కడ పాత అంచే మిగులుతుంది. ఆ పాత అంచు ఈ కెటిల్‌లో మిగలకూడదు. దానికి కారణం ఉంది.

పాత యజమాని రంధ్రం వేసేటప్పుడు డ్రిల్ వేడెక్కి ఉండాలి. అంచు చుట్టూ గోధుమ, నీలం రంగుల చార స్పష్టంగా కనబడింది, దాని మీద ఒకటి రెండు చోట్ల తుప్పు చుక్కలూ లేచాయి. చిన్న అయస్కాంతాన్ని గోడ మీద పెడితే పట్టలేదు, రంధ్రపు అంచుకు చేర్చితే కాస్త అంటుకుంది. 304 రకం స్టెయిన్‌లెస్‌లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి, మామూలు స్థితిలో దాన్ని అయస్కాంతం దాదాపుగా పట్టదు. బలంగా నలిగినప్పుడు, కోతకు లొంగకుండా రాపిడికి గురైనప్పుడు ఆ లోహపు లోపలి అమరిక కొంత మారి గట్టిపడుతుంది, అయస్కాంతాన్ని కొద్దిగా ఆకర్షిస్తుంది. పైగా స్టెయిన్‌లెస్‌కు వేడిని చెదరగొట్టే గుణం మామూలు ఉక్కులో మూడో వంతు మాత్రమే ఉంటుంది, పుట్టిన వేడంతా బిట్టు మొనకే చేరుతుంది. మొన మొద్దుబారితే కోయడం ఆగి రుద్దడం మొదలవుతుంది, రుద్దిన కొద్దీ రేకు ఇంకా గట్టిపడుతుంది. పాత రంధ్రాలను పెంచేటప్పుడు బిట్లు పోయేది చాలావరకు ఇందుకే. కొత్త బిట్టు మొట్టమొదట తాకేది పాతవాళ్లు గట్టిపరచి వదిలేసిన ఆ అంచునే.

కాబట్టి చుట్టూ కనీసం రెండు మిల్లీమీటర్ల పాత అంచు కోతలో పోవాలని నిర్ణయించుకుని, కేంద్రాన్ని 4 మి.మీ. పైకి, 52 మి.మీ. ఎత్తుకు జరిపాను. అప్పుడు అడుగున 2.2 మి.మీ., పైన 10.2 మి.మీ. రేకు తెగుతుంది. వాషర్ కింది అంచు 27 మి.మీ. దగ్గర, వంపుకు రెండు మిల్లీమీటర్ల పైన ఆనుతుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా లెక్క వేసి మిత్రుడికి చెప్పాను. ఎలిమెంట్ ఎప్పుడూ ద్రవంలో మునిగి ఉండాలి. 40 సెం.మీ. వ్యాసమున్న ఈ కెటిల్‌లో 4 మి.మీ. ఎత్తు అంటే అర లీటరు. కనీసం పోయాల్సిన నీరు ఆ మేరకు పెరుగుతుంది. అతను కాచేది ఎప్పుడూ నలభై లీటర్లకు పైమాటే కనుక అది ఇబ్బంది కాదన్నాడు.

పనిముట్టు ఎంపిక

స్టెప్ డ్రిల్‌ను నేను తక్కువ చేసి మాట్లాడటం లేదు. కేంద్రం మారనవసరం లేని చోట, ముఖ్యంగా 16 నుంచి 22 మి.మీ. వంటి చిన్న పెంపులకు, దానంత సులువైనది లేదు. దాని శంకువు ఆకారం పాత రంధ్రంలో తనంతట తానే మధ్యకు కుదురుకుంటుంది. ఈ కేసులో దాన్ని వద్దనడానికి కారణం కూడా ఆ గుణమే, అది పాత కేంద్రాన్ని వదలదు. వాడేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి, వ్యాసం పెరిగిన కొద్దీ వేగం తగ్గాలి. హైస్పీడ్ స్టీల్ బిట్టు అంచు స్టెయిన్‌లెస్ మీద నిమిషానికి పన్నెండు మీటర్లకు అటూ ఇటూగా నడిస్తే చాలు. ఆ లెక్కన 22 మి.మీ. మెట్టు దగ్గర నిమిషానికి 170 చుట్లు, 34 మి.మీ. దగ్గర 110 చుట్లు మాత్రమే. చేతి డ్రిల్‌ను తక్కువ గేరులో పెట్టి, ట్రిగ్గర్‌ను సగం కూడా నొక్కకుండా, కటింగ్ ఆయిల్ వేస్తూ, బరువు మాత్రం గట్టిగా మోపాలి. చుట్టలు చుట్టుకుంటూ తెగిన లోహం వస్తుంటే బిట్టు కోస్తున్నట్టు. పొడి రాలుతూ కీచుమంటుంటే వెంటనే ఆపాలి.

హోల్ సా, అంటే కప్పు ఆకారపు గుండ్రటి రంపంతో వేరే చిక్కు ఉంది. దాని మధ్యనున్న పైలట్ బిట్టుకు పట్టు దొరకాల్సిన చోట ఇప్పటికే రంధ్రం ఉంది. లోపలి వైపు చెక్క పలక బిగించి, ఆ చెక్కలో పైలట్‌ను నడిపిస్తే పని జరుగుతుంది, కేంద్రాన్ని కావలసినంత జరపవచ్చు కూడా. కానీ వంపు తిరిగిన పలుచని గోడ మీద రంపపు పళ్లు ముందు ఎడమ కుడి అంచులకు కాక, నడిమి నిలువు గీత మీద పైన, కింద మాత్రమే తగులుతాయి. అక్కడ చిక్కుకుని రేకును లాగే ప్రమాదం ఉంది. ఎలిమెంట్ వంటి సీలింగ్ కీలకమైన చోట నేను దాన్ని ఎంచుకోను.

మిగిలింది నాకౌట్ పంచ్. కరెంటు పనివాళ్లు ప్యానెల్ బాక్సులకు రంధ్రాలు వేసేది దీనితోనే. ఒక వైపు గిన్నెలాంటి డై, మరో వైపు పంచ్, మధ్యలో డ్రా బోల్టు. బోల్టు బిగించిన కొద్దీ పంచ్ రేకును కోసుకుంటూ డైలోకి దిగుతుంది. ఒక అంగుళం కాండ్యుయిట్ (కరెంటు తీగల గొట్టం) కొలత పంచ్ 34.6 మి.మీ. రంధ్రం ఇస్తుంది, మనకు కావలసింది అదే. వేడి పుట్టదు, అంచు గుండ్రంగా వస్తుంది. ఇంకో లాభం కూడా ఉంది. చదునైన డై వంపు గోడను బిగింపులో కొంత చదును చేస్తుంది. 40 సెం.మీ. వ్యాసమున్న పాత్రలో 50 మి.మీ. వాషర్ కింద గోడ నడుమకూ అంచులకూ మధ్య దాదాపు 1.6 మి.మీ. లోతు తేడా ఉంటుంది. అందులో కొంత తగ్గినా గాస్కెట్‌కు అది వరమే. ఈ సెట్లను మామూలు ఉక్కు రేకుకు లెక్కగట్టి చేస్తారు కాబట్టి స్టెయిన్‌లెస్ మీద వాడేముందు మందం చూసుకోవాలి. ఈ గోడ మందం 0.9 మి.మీ. మాత్రమే, అదే మందమున్న తుక్కు రేకు ముక్క మీద ముందు ఒక రంధ్రం వేసి చూసుకున్నాను.

కోత

కొత్త కేంద్రం గాలిలో ఉంది. 52 మి.మీ. ఎత్తు పాత రంధ్రం లోపలే పడుతుంది కాబట్టి అక్కడ గీత గీయడానికి లోహం లేదు. ఒక చెక్క బిరడాను రంధ్రంలోకి గట్టిగా దిగేలా చెక్కి, గోడతో సమంగా కోసి, దాని మీద కొత్త కేంద్రం గుర్తు పెట్టాను. కంపాస్ ముల్లు ఆ గుర్తు మీద నిలిపి రెండు వృత్తాలు గీశాను. మొదటిది 34.6 మి.మీ. రంధ్రానిది, రెండోది డై బయటి వ్యాసానిది. పని మొదలయ్యాక మొదటి గీత డై కింద మరుగున పడిపోతుంది, కంటికి ఆధారంగా మిగిలేది రెండోదే. దాన్ని గీయకుండా అంచనా మీద డైని ఆనించేవాళ్లు పని అయ్యాక గాని తేడా తెలుసుకోలేరు.

తర్వాత బోల్టు సంగతి. ఈ పంచ్‌కు వచ్చే డ్రా బోల్టు ముప్పావు అంగుళం, అంటే 19 మి.మీ. లావుంటుంది. 22.2 మి.మీ. రంధ్రంలో దానికి ఏ వైపైనా జరగడానికి 1.6 మి.మీ. మించి చోటు లేదు. మనకు 4 కావాలి. అందుకని పాత రంధ్రపు పై అంచును గుండ్రటి ఆకురాయితో మూడు మిల్లీమీటర్లు పైకి తీశాను. ఆ భాగమంతా ఎలాగూ కోతలో పోయేదే కనుక నునుపు గురించి ఆలోచించనక్కర్లేదు. గట్టిపడిన అంచు మీద ఆకురాయి మొదట జారింది, పట్టు దొరికేదాకా వెనక్కి లాగకుండా ఒకే దిశలో, ముందుకు మాత్రమే తోస్తూ పోతే లొంగింది. స్టెయిన్‌లెస్ మీద వాడే ఆకురాయి మామూలు ఇనుము మీద వాడినది కాకూడదన్న నియమం నేను ఎన్నడూ సడలించను. పళ్లలో ఇరుక్కున్న ఇనుప రజను కెటిల్ గోడలోకి దిగి, నాలుగు రోజులకు తుప్పు చుక్కలై తేలుతుంది.

డైని బయట, పంచ్‌ను లోపల పెట్టాను. దీనికి రెండు కారణాలున్నాయి. బోల్టు తల బయట ఉంటే లోతైన పాత్రలోకి వంగి రెంచి తిప్పే అవస్థ ఉండదు. పంచ్ దిగిన వైపు అంచు కాస్త గుండ్రబడుతుంది, డై వైపు అంచున ముళ్లు లేస్తాయి. వోర్ట్ తగిలే లోపలి అంచు నునుపుగా ఉండాలి, బయటి ముళ్లను ఆకురాయితో తీసేయవచ్చు. బోల్టు మరకు గ్రీజు రాసి, కెటిల్‌ను దుప్పటి మీద పడుకోబెట్టి మిత్రుణ్ణి పట్టుకోమన్నాను. చేతితో బిగుసుకున్నంత వరకు బిగించి, డై తన వృత్తంలోనే ఉందో లేదో చుట్టూ చూసి, పావు చుట్టు చొప్పున రెంచి తిప్పాను. ఒక వైపు రెండు మిల్లీమీటర్లు, మరో వైపు పది మిల్లీమీటర్లు తెగాలి కాబట్టి పంచ్ పక్కకు ఒరిగే వీలుంది. అందుకే ప్రతి పావు చుట్టుకూ ఆగి గీతను సరిచూశాను. ఒక దశలో బిగింపు బరువెక్కి, తర్వాత టక్కున వదిలింది. డైలోంచి బయటపడిన తునక ఒక పక్క సన్నగా, మరో పక్క వెడల్పుగా ఉంది. నీలం చార ముక్కలు కాకుండా మొత్తం దాని మీదే వచ్చేసింది. అయస్కాంతాన్ని కొత్త అంచుకు చేర్చితే చాలా కొద్దిగా పట్టింది. పంచ్ కోత కూడా రేకును నలుపుతుంది కనుక అది సహజమే, వేడి రంగు లేకపోవడమే ముఖ్యం.

అంచు, ఆమ్లం, బిగింపు

బయటి ముళ్లను అర్ధచంద్ర ఆకురాయితో తీసి, 220, ఆపై 400 నంబరు నీటి కాగితంతో అంచును రెండు వైపులా నునుపు చేశాను. వేలి గోరు అంచు మీదుగా జరిపితే ఎక్కడా ఆగకూడదు. గోరు ఆగిన చోటే సిలికాన్ గాస్కెట్ కోసుకుపోతుంది. తర్వాత నూనె జిడ్డు పోయేలా డిటర్జెంటుతో వేడినీళ్లలో కడిగి, సిట్రిక్ యాసిడ్‌తో పాసివేషన్ చేశాను. కోసిన అంచు మీద క్రోమియం ఆక్సైడ్ పొర గాలి తగిలితే తనంతట తానే ఏర్పడుతుంది గాని, అంటుకున్న ఇనుప రజను మిగిలితే అక్కడ ఆ పొర సరిగా నిలవదు. ఆమ్లం చేసే పని ఆ రజనును కరిగించడమే. ఏ.ఎస్.టి.ఎం. ఏ967 ప్రమాణం ప్రకారం 4 నుంచి 10 శాతం సిట్రిక్ ద్రావణంలో, 21 నుంచి 49 డిగ్రీల సెల్సియస్ మధ్య, కనీసం 20 నిమిషాలు ఉంచాలి. రంధ్రం చుట్టూ బయటి వైపు గుడ్డను ఆ ద్రావణంలో తడిపి అంటించాను, లోపలి వైపు కెటిల్‌ను వంచి ద్రావణం నిలిచేలా ఉంచాను. తర్వాత మంచినీళ్లతో బాగా కడగాలి. క్లోరిన్ బ్లీచ్‌ను మాత్రం ఈ పాత్రల దరి చేరనివ్వకూడదు, క్లోరైడ్ స్టెయిన్‌లెస్‌ను చుక్కలు చుక్కలుగా తినేస్తుంది.

బిగింపులో జనం చేసే అతి గురించి ఒక మాట చెప్పాలి. నిండుగా నింపిన కెటిల్ అడుగున నీటి ఒత్తిడి చాలా స్వల్పం. 40 సెం.మీ. నీటి స్తంభం 0.04 బార్ మాత్రమే. దాన్ని ఆపడానికి గాస్కెట్ మెత్తగా నలిగితే చాలు. బలమంతా ఉపయోగించి లాక్‌నట్ బిగిస్తే గాస్కెట్ పక్కకు ఉబికి వచ్చేస్తుంది, పలుచని గోడ పళ్లెంలా లోపలికి లొత్తపడుతుంది, అప్పుడు కారడం మొదలవుతుంది. బయట ఎలిమెంట్ తల, దాని కింద వాషర్, సిలికాన్ గాస్కెట్, లోపల స్టెయిన్‌లెస్ లాక్‌నట్ అన్న వరుసలో చేతి బిగుతు మీద మరో అర చుట్టు ఇచ్చి ఆపాను. చన్నీళ్లు నింపి, రంధ్రం కింద పొడి టిష్యూ కాగితం అంటించి రాత్రంతా ఉంచాము. కాగితం పొడిగానే ఉంది.

కరెంటు పని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్ చేతే చేయించుకోమని మొదటి రోజే షరతు పెట్టాను. 5500 వాట్లు 240 వోల్టుల మీద దాదాపు 23 ఆంపియర్లు తీసుకుంటాయి. దానికి 30 ఆంపియర్ల ప్రత్యేక సర్క్యూటు, 10 గేజ్ రాగి తీగ, సుమారు 5 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటును తెంచేసే జి.ఎఫ్.సి.ఐ. రక్షణ ఉండాలి. కెటిల్ శరీరానికి ఎర్త్ తీగ విడిగా బిగించాలి. చేతులు తడిగా ఉండే పని ఇది, ఇందులో ఏ ఒక్కటి తగ్గినా నేను ఆ ఎలిమెంట్‌ను ఆన్ చేయనివ్వను.

45 లీటర్ల మామూలు నీటితో మొదటి మరుగు పరీక్ష చేశాము. 20 డిగ్రీల నీరు ఆ ఎలిమెంట్ మీద మరగడానికి లెక్క ప్రకారం ముప్పావు గంట పడుతుంది, పాత్ర గోడల నుంచి పోయే వేడి కలుపుకుంటే ఇంకాస్త. గంట సేపు మరిగించి, చల్లారాక, లాక్‌నట్‌ను మళ్లీ చేత్తో చూశాను. కొద్దిగా వదులైంది. వేడికి గాస్కెట్ తన ఆకారానికి సర్దుకోవడం వల్ల మొదటిసారి ఇలా అవుతుంది. పావు చుట్టు బిగించాక ఆ తర్వాతి మరుగుళ్లలో కదల్లేదు. మిత్రుడు ఇప్పుడు రెండు మూడు బ్రూలకు ఒకసారి లాక్‌నట్ విప్పి గాస్కెట్ కింద కడుగుతున్నాడు, అంచు మీద తుప్పు చుక్క ఇంతవరకు లేవలేదు.

ఇదే కెటిల్‌లో పాత రంధ్రం కేంద్రం 48 కాక 44 మి.మీ. ఎత్తున ఉండి ఉంటే, వాషర్ ఇప్పటిలాగే వంపుకు రెండు మిల్లీమీటర్ల పైన ఆనడానికి 8 మి.మీ. జరపాల్సి వచ్చేది. అది వ్యాసార్ధాల తేడా 6.2ను మించిపోతుంది. అలాంటి పాత్ర వస్తే నేను రంధ్రాన్ని పెంచను. దాన్ని బిరడా, ఓ-రింగ్‌లతో మూసి, గోడ మీద మరో చోట కొత్త రంధ్రం వేస్తాను. లేదా పాత చోటే కావాలని పట్టుబడితే, వెల్డర్ దగ్గరకు పంపి స్టెయిన్‌లెస్ ఫెరూల్‌ను (అంచున్న చిన్న గొట్టం ముక్కను) టిగ్ వెల్డింగ్‌తో అతికించమంటాను. వెల్డింగ్ అతుకుకు వాషర్‌తో, గాస్కెట్‌తో పని లేదు కాబట్టి వంపు అంత అడ్డు కాదు.